అక్క లేని సినిమా

లైట్లు ఆరిపోయి పావుగంట అయింది, లాన్‌షియాంగ్ ఇంకా తెరమీదికి రాలేదు. వస్తుందిలే, ఇప్పుడేగా మొదలైంది, ముందు ఊరు చూపించాలి, రైలు చూపించాలి, మంచులో మన వీధి చూపించాలి, అప్పుడే కదా ఇంట్లో మనుషులు వచ్చేది, అని తనకు తనే సర్దిచెప్పుకుంటూ మూడో వరసలో సరిగ్గా మధ్య సీట్లో బిగుసుకుని కూర్చుంది అసలు లాన్‌షియాంగ్, ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఈ రోజు కోసమే కొనుక్కున్న ఆకుపచ్చ కోటు నలుగుతుందేమోనని వీపు కూడా ఆనించకుండా. కుడిపక్కన మొగుడు తియెన్‌బావ్ పొద్దుతిరుగుడు గింజలు పటుక్కు పటుక్కుమని కొరుకుతున్నాడు. ఎడమపక్కన ఎదురింటి దూ అత్త, ఎనభై రెండేళ్ళ మనిషి, కళ్ళజోడు ముక్కుమీద నుంచి జారిపోతుంటే మాటిమాటికీ ఎగదోసుకుంటోంది. వెనక వరసల్లో వెన్‌షీ ఊళ్ళో సగం జనం. అందరికీ తెలుసు ఇది ఎవరి సినిమానో, ఎవరి గురించో. పేరుకి సినిమా గానీ, తెరమీద కనబడబోయే ముసలావిడ వీళ్ళమ్మే. తీసింది చెల్లెలు మింగ్యూ, బీజింగ్‌లో ఉంటుంది. ఆర్నెల్ల కిందట ఫోన్‌లో, "అక్కా, అమ్మ ఆఖరి చలికాలం గురించి తీస్తున్నాను, మనిల్లే, మన వీధే," అంది. మనిల్లే అంటే మరి మనిల్లే కదా. ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళు అమ్మకి కుడిచెయ్యీ కుడికాలూ తనే అయిన మనిషి ఒకతి ఉండాలి కదా. తన వేషం ఎవరికిచ్చారో, లావుపాటి అమ్మాయినే పెట్టారో, సన్నగా ఉన్నదాన్ని పెట్టి నలుగురూ నవ్వేట్టు చేశారో అని నెలరోజులుగా లాన్‌షియాంగ్‌కి ఒకటే ఆలోచన. సినిమా అయ్యాక చెల్లెలు స్టేజి మీదికి పిలుస్తుందేమోనని పొద్దున్నే జుట్టు కూడా సెట్ చేయించుకుంది. ఎవరికీ చెప్పలేదు. తియెన్‌బావ్ అడిగితే, "చుండ్రు పట్టింది, అందుకే," అంది.

తెరమీద రైలు దిగింది ఒక పిల్ల. కళ్ళజోడు, పొట్టిజుట్టు, బూడిదరంగు మఫ్లరు. ఇంకెవరు, మింగ్యూ వేషమే. ఆ నడక కూడా అదే, ఎడమభుజం కాస్త దించి. అచ్చు గుద్దినట్టు వెతికి పట్టుకున్నారు దాన్ని. ఆ పిల్ల సందులోకి వచ్చింది, తలుపు తోసింది, గదిలో, కింద నిప్పు రాజేసే ఇటుక అరుగు మంచం మీద దుప్పటి కప్పుకుని ముసలావిడ. ఇప్పుడొస్తుంది అక్క, వంటింట్లోంచి చేతులకి పిండి అంటుకుని, అని లాన్‌షియాంగ్ ఊపిరి బిగబట్టింది. వంటింటి తలుపుకి వేలాడే నీలిరంగు గుడ్డ కదిలింది. గాలికి కదిలిందంతే. ముసలావిడ తల తిప్పి ఆ పిల్లని చూసి, "వచ్చావా తల్లీ, నాకున్నది నువ్వొక్కదానివే," అంది. తియెన్‌బావ్ నోట్లో గింజ నోట్లోనే ఉండిపోయింది. "అదేంటే, ఒక్కదానివే అంటుంది? మరి నువ్వో?" అన్నాడు, గుసగుస అనుకున్నాడు గానీ నాలుగు వరసలకి వినబడేట్టు. "సినిమా అయ్యా అది, నోరు మూసుకుని చూడు," అంది ఆమె. ఒక్కదానివే! తొమ్మిదేళ్ళు. ఎన్ని దుప్పట్లు ఉతికింది, ఎన్నిసార్లు అమ్మని పక్కకి తిప్పి వీపు తుడిచింది, చంకల్లో పౌడరు వేసింది, అదంతా చేసింది గాలా, ఆ వంటింటి గుడ్డా?

ఇదేం కొత్త కాదులే. మింగ్యూ పుట్టినప్పటినుంచీ ఇంతే. అమ్మది పూలబన్నుల పని, పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ చావులకీ ఆవిరిమీద ఉడికించే పిండిబన్నులు, పులులూ చేపలూ తామరపూలూ దానిమ్మకాయలూ, ఒక్కోటి తలంత. లాన్‌షియాంగ్‌కి ఏడేళ్ళకే అమ్మ చేతికింద పని వచ్చేసింది. దువ్వెనతో పొలుసులు నొక్కితే చేప ఈదుతున్నట్టే ఉండేది, కత్తెరతో సన్నగా చీరితే ముళ్ళపంది నిక్కబొడుచుకునేది. మింగ్యూ అప్పటికి పసిది, ఓ పిండిముద్ద లాక్కుని ఒకసారి పులిని చేసింది. పులా అది? ఒక కన్ను పైకి, ఒకటి కిందికి, తోక ముక్కు దగ్గర. అమ్మ దాన్ని చూసి పడీపడీ నవ్వింది, నల్లగింజల కళ్ళు అక్క సరిచేస్తానంటే చెయ్యనివ్వలేదు, "ఉండనీ, ఉండనీ, ఎంత ముద్దుగా ఉందో చూడు," అంటూ కిటికీలో పెట్టింది. లాన్‌షియాంగ్ చేసిన ఇరవై పులులూ ఆవేళ పెళ్ళివారింటికి వెళ్ళిపోయాయి. చక్కగా చేసింది కాబట్టి వెళ్ళిపోయాయి. వంకరది చెల్లెలిది, ఇంట్లో మిగిలింది, ఎండి బీటలువారి రాయిలా అయ్యేదాకా ఏళ్ళ తరబడి కిటికీలో కూర్చుని లాన్‌షియాంగ్‌ని ఆ వంకరకన్నుతో చూస్తూనే ఉంది. ఇదిగో, చూపిస్తోంది! తెరమీద కిటికీ, కిటికీలో వంకరపులి. వెనకనుంచి ఎవరో ఆడమనిషి, "అబ్బ, ఎంత బాగుందో!" అంది. బాగుంటుంది, ఎందుకుండదు. అది చేసింది కూడా లాన్‌షియాంగే మరి. షూటింగుకి కావాలని మింగ్యూ అడిగితే వంకరగా చెయ్యడం చేతకాక నాలుగుసార్లు పాడుచేసి ఐదోసారి కళ్ళు మూసుకుని చేసింది.

ఇప్పుడు ఆ పిల్ల ముసలావిడ కాళ్ళు గోరువెచ్చటి నీళ్ళల్లో పెట్టి గోళ్ళు కత్తిరిస్తోంది. అబ్బో, ఎంత ఒద్దికగా. బొటనవేలి గోరు మందంగా ఉంటుంది, అలా ఒక్క నొక్కుకి తెగదు, ముందు అరగంట నానబెట్టాలి, పక్కనుంచి కొంచెం కొంచెం చెక్కాలి, అయినా అమ్మ తన్నేది, పక్షవాతం రాని ఎడమకాలితో, ఒకసారి సరిగ్గా ముక్కుమీద తగిలి రక్తం కూడా కారింది. తెరమీది ముసలావిడ తన్నలేదు. నవ్వుతూ కూతురి తల నిమిరింది. అమ్మ ఎప్పుడైనా తల నిమిరిందా? నిమిరిందేమో, లాన్‌షియాంగ్‌కి గుర్తులేదు. గుర్తున్నదల్లా, "నెమ్మదిగా చావవే, ఏం తొందర నీకు," అన్న అమ్మ గొంతు. పొద్దున్న నాలుగింటికి లేచి బన్నుల ఆర్డర్లు దించి, అమ్మకి గుడ్డలు మార్చి, జావ కాచి, మళ్ళీ పిండి పిసకాలంటే తొందర ఉండదూ? ఉంటుంది. తిట్టుకుంది కూడా. ఒకటి రెండుసార్లు గిన్నె విసిరేసింది. ఆదివారం ఆదివారం మింగ్యూ ఫోన్లో కనిపించేది, ఆ అరచేతంత అద్దంలో, వెనకాల పూలకుండీలు, "అమ్మా, ఎలా ఉన్నావు?" అంటూ. అమ్మ ముఖం వెలిగిపోయేది. నిజంగానే, లోపల దీపం పెట్టినట్టు. పది నిమిషాలు మాట్లాడి ఫోను పెట్టేశాక ఆ వెలుగు రోజంతా ఉండేది, ఆ వెలుగులోనే లాన్‌షియాంగ్ అమ్మ మురికిగుడ్డలు ఉతికేది. ఓర్వలేనితనం అంటారు దీన్ని. అంటే అననీ. తోబుట్టువు మీద కుళ్ళుకోవడం మంచిది కాదని ఎవరికి తెలియదు? తెలిసి మాత్రం ఏం లాభం, కడుపులో మంట చెప్పి చల్లారుతుందా?

ఉన్నట్టుండి తెరనిండా పిండి. తెల్లటి పిండిముద్ద, దానిమీద రెండు చేతులు, మడమతో నొక్కి, మడిచి, తిప్పి, మళ్ళీ నొక్కి. పొట్టివేళ్ళు, ఎడమ చూపుడువేలిమీద ఆవిరి కాలిన తెల్లమచ్చ. "ఇవి నీ చేతులే! ఒసేయ్, నీ చేతులే!" అని తియెన్‌బావ్ మోచేత్తో పొడిచాడు, గింజల పొట్టంతా ఆమె కొత్తకోటు మీద రాలింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అవును, తన చేతులే. ఆ సినిమాపిల్లకి పిండి తడపడం కూడా రాదని, దగ్గరగా చూపించేవి కొన్ని నువ్వు చేసిపెట్టక్కా అని మింగ్యూ బతిమాలితే మూడురోజులు ఆ పెద్దలైట్ల కింద చెమటలు కక్కుతూ చేసింది. అప్పుడు ఎంత పొంగిపోయింది! ఆ చేతులు అక్క వేషానివే, సినిమాలో తనే ఉంది అనుకుంది. ఇప్పుడు చేతులనుంచి కెమెరా మెల్లగా పైకి వెళ్ళింది, మణికట్టు, మోచెయ్యి, ఆపైన చూస్తే ఆ కళ్ళజోడు పిల్ల ముఖం. అతికించేశారు. తన చేతులు తీసుకెళ్ళి చెల్లెలికి అతికించేశారు! ఒళ్ళంతా కారం రాసినట్టయింది లాన్‌షియాంగ్‌కి. గోళ్ళు నువ్వే కత్తిరించావన్నావు, సరే. వీపు నువ్వే తుడిచావన్నావు, అదీ సరే. చేతులు కూడానా! లేచి వెళ్ళిపోదామనుకుంది. లేస్తే ఈ వరసలో పదిమంది మోకాళ్ళు దాటుకుని వెళ్ళాలి, పదిమందీ ముఖం వంక చూస్తారు, రేపు పొద్దున బన్నులకి వచ్చినప్పుడు పదిమందీ పళ్ళికిలిస్తారు. కూర్చుంది. కోటుమీది పొట్టు ఒక్కొక్కటే ఏరి తియెన్‌బావ్ జేబులో పోసింది.

ఆ తర్వాత అమ్మ ఊపిరి. ఎలా తీశారో గానీ అచ్చం అలాగే ఉంది, ఒకటి తీసి చాలాసేపటికి ఇంకొకటి. తెరమీద ముసలావిడ ఊపిరి ఆగింది, ఆ పిల్ల లేచి బీరువాలోంచి మూట తీసింది. పోయినవాళ్ళకి కట్టే ఆఖరి బట్టలు. ఏడు పొరలు, గుండీలు ఉండవు, అన్నీ నాడాలే. ఈ సీన్‌లో కూడా ముడులు నువ్వే వెయ్యక్కా అని మింగ్యూ అడిగింది. అప్పుడు మాత్రం లాన్‌షియాంగ్ కుదరదంది. బతికున్న మనిషికి ఆ బట్టలు కట్టడమేంటి, నాటకానికైనా సరే, ముట్టుకోనంటే ముట్టుకోను, అని తెగేసి చెప్పింది. అందుకే ఇప్పుడు ముడులు ఆ పిల్లే వేస్తోంది, వచ్చీరాని వేళ్ళతో. వేస్తూ ఏడుస్తోంది. కెమెరా ముఖం దగ్గరికి వెళ్ళింది, కన్నీటిచుక్క చెంపమీద నుంచి గడ్డం దాకా జారి, అక్కడ కాసేపు ఊగి, నీలిపట్టు మీద టప్పున పడింది. పడిందో లేదో హాల్లో ముసలమ్మలందరూ ఒక్కసారి నాలుకలు చప్పరించారు. "అయ్యయ్యో, పడనిచ్చిందే!" అంది దూ అత్త పైకే. "ఎవరూ చెప్పలేదా ఆ పిల్లకి? కన్నీళ్ళు పడితే ఆవిడెట్లా కదుల్తుంది, ఈ లోకం వదిలి?" లాన్‌షియాంగ్ గుండె ఎగిరి గంతేసింది. అమ్మయ్య. దొరికావు. ఊరందరి ముందూ దొరికావు మింగ్యూ. ఆ గదిలో ఉన్నదాన్నైతే నీకు తెలిసేది. ఆ తెల్లవారుజామున తను ముడి మీద ముడి వేస్తుంటే ఈ దూ అత్తే పక్కన నిలబడి తన గడ్డం కింద తువ్వాలు పట్టుకుంది, "ఒక్క చుక్క పడిందా, మీ అమ్మ వెనక్కి చూస్తుంది, జాగ్రత్త," అంటూ. పళ్ళు బిగబట్టి, నాలుక కొరుక్కుని, పై కప్పులో ఒక మేకువంక చూస్తూ ఏడుపొరలూ కట్టింది లాన్‌షియాంగ్. ఒక్క చుక్క పడనివ్వలేదు. తువ్వాలు పొడిగానే ఉంది. ఆ ఆపడం ఎలా ఆపిందో ఇక తర్వాత ఏడుపు రాలేదు, పాడె దగ్గరా రాలేదు, మట్టి వేసినప్పుడూ రాలేదు, మూడేళ్ళయింది, ఇంకా రాలేదు. ఊళ్ళో ఏమన్నారు? పెద్దదానిది రాతిగుండె అన్నారు.

చిన్నదో, పొద్దున పదిగంటలకి రైలు దిగి, సందు మొదట్లోనే మోకాళ్ళ మీద పడి, "అమ్మా" అని పెట్టిన కేక నాలుగు వీధులకి వినబడింది. అలాగే ఏడుస్తూ గుమ్మందాకా వచ్చింది, చేతులు పట్టి లేపుతున్నవాళ్ళూ ఏడ్చారు, ఎప్పుడూ ఎవరికోసం ఏడవని మాంసంకొట్టు ముసలాయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు. "చూశావా, ఎంత ప్రాణమో తల్లంటే," అనుకున్నారంతా. చెయ్యాల్సినవన్నీ చేసినదాన్ని వదిలేసి ఆలస్యంగా వచ్చినదాన్ని ఓదార్చారు. లాన్‌షియాంగ్ అప్పుడు వంటింట్లో ఉంది, చావుబన్నులకి పిండి పిసుకుతూ. కూతుళ్ళ తరఫున పెట్టే బన్నులు మధ్యాహ్నానికి శవపెట్టె ముందుకి రావాలి, రెండు జతలు, తనదొకటి, చెల్లెలిదొకటి, రెండూ తనే చెయ్యాలి. అప్పుడే మింగ్యూ నీలిగుడ్డ తప్పించుకుని వంటింట్లోకి వచ్చింది, ముక్కు ఎర్రగా, నెత్తిన తెల్లగుడ్డ వంకరగా కట్టుకుని. వచ్చి వెనక నిలబడి అడిగింది. ఏం అడిగిందంటే... వద్దు. ఆ సంగతి ఇప్పుడు వద్దు. సినిమా చూడు, సినిమా. అయిపోవచ్చిందనుకుంటా, మట్టి వేసేశారు, మంచు పడుతోంది, పాటేదో వస్తోంది, లేచి వెళ్ళిపోతే తలనొప్పి వచ్చిందని చెప్పొచ్చు.

కానీ సినిమా అయిపోలేదు. ఒక రోజు వెనక్కి వెళ్ళింది, ముసలావిడ పోవడానికి ముందురోజు సాయంత్రానికి. గదిలో ఎర్రటి ఎండ, ఇటుక అరుగు అంచున కూతురు, చేతిలో కొర్రలజావ గిన్నె, చెంచా. లాన్‌షియాంగ్ సీటు చేతిని గట్టిగా పట్టుకుంది. ఈ సాయంత్రం దీనికెలా తెలుసు? ఎవరు చెప్పారు? ఆ గదిలో అమ్మా తనూ తప్ప ఎవరూ లేరు, తియెన్‌బావ్ బొగ్గు కోసం వెళ్ళాడు, దూ అత్త ఇంకా రాలేదు. ముసలావిడ ఒక చెంచా మింగింది, రెండో చెంచాకి నోరు తెరవలేదు. కూతురి ముఖంలోకి చూసింది. పెదాలు కదిలాయి. "తిన్నావా?" అంది. అంతే. ఆ పిల్ల, "తిన్నానమ్మా," అంది. తెర నల్లబడింది.

అమ్మ అడిగింది అది కాదు. తిన్నావా అని కాదు. తిన్నదా అని. రెండో చెంచా దగ్గరే. సరిగ్గా ఆ రెండో చెంచా దగ్గరే అమ్మ నోరు మూసుకుని, మూడురోజులుగా మాట రాని మనిషి, గొంతు పెగల్చుకుని, "చిన్నది తిన్నదా?" అంది. లాన్‌షియాంగ్ వినబడనట్టు చెంచా పెదాలకి ఆనించింది. "చిన్నది తిన్నదా?" మళ్ళీ. చెంచా పట్టుకున్నది ఎదురుగా ఉంది. పొద్దున్నుంచి పచ్చిమంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోనిది, నాలుగు రాత్రులుగా కన్ను మూయనిది ఎదురుగా ఉంది. దానికి ఆకలేస్తుందని అమ్మకి తట్టలేదు. ఎనిమిదొందల కిలోమీటర్ల అవతల ఉన్నది తిన్నదో లేదో కావాలి. మూడోసారి అడిగినప్పుడు, "తిన్నదిలే, నువ్వు తిను," అంది లాన్‌షియాంగ్. అమ్మ తృప్తిగా కళ్ళు మూసుకుంది. ఇంక జావ తాగలేదు, ఇంక మాట్లాడలేదు. మర్నాడు వంటింట్లో వెనక నిలబడి మింగ్యూ అడిగింది అదే. "అక్కా, అమ్మ నా గురించి ఏమైనా అడిగిందా?" లాన్‌షియాంగ్ వెనక్కి తిరగలేదు. పిండిని ఒకసారి మడిచి మడమతో నొక్కింది. "లేదు. ఎవరినీ అడగలేదు. నిద్రలోనే పోయింది," అంది. మింగ్యూ, "ఊఁ" అంది. నెత్తిన గుడ్డ సరిచేసుకుని మళ్ళీ, "ఊఁ" అంది. కిటికీ, అమ్మ పక్కలో చోటు, ముద్దుపేరు, నవ్వు, వెలుగు, అన్నీ అదే పట్టుకుపోయింది కదా పుట్టినప్పటినుంచీ, ఈ ఒక్కటీ ఇవ్వను, ఈ రెండు మాటలూ నా దగ్గరే ఉంటాయి, ఏం చేసుకుంటావో చేసుకో, అనుకుంది లాన్‌షియాంగ్ ఆవేళ. పట్టుకుని ఏం చేసింది మూడేళ్ళు? నోట్లో వేడి బంగాళాదుంప పెట్టుకున్నట్టు, మింగలేదు, ఉమ్మలేదు.

తెరమీద పేర్లు పైకి పోతున్నాయి. ఎవరెవరివో. చివరికెక్కడో, "చేతులు: పెయ్ లాన్‌షియాంగ్," అని ఒక వరస వచ్చి వెళ్ళింది, తియెన్‌బావ్ పెద్దగా చప్పట్లు కొట్టాడు, లైట్లు వెలిగాయి. జనం అందరూ ముక్కులు చీదుకుంటున్నారు. మింగ్యూ స్టేజి మీదికి వచ్చింది, బూడిదరంగు మఫ్లరు వేసుకుని, నిజంది. చిక్కిపోయింది. కళ్ళకింద నల్లటి వలయాలు. తెరమీద పిల్ల అంత బాగాలేదు, అని లాన్‌షియాంగ్‌కి చప్పున తట్టింది, తట్టినందుకు కొంచెం సంతోషం కూడా వేసింది, ఆ సంతోషం ఎక్కువసేపు ఉండలేదు. హైస్కూలు మాస్టారు ఒకాయన చెయ్యెత్తి మైకు అడిగి తీసుకున్నాడు. "అమ్మా మింగ్యూ, చివర్లో మీ అమ్మగారు తిన్నావా అని అడగడం చూస్తే గుండె కరిగిపోయింది. నిజంగా అలా అడిగారా ఆవిడ?"

"లేదండీ," అంది మింగ్యూ. "నేను ఆలస్యంగా వచ్చాను. అమ్మ ఎవరినీ అడగలేదట, అక్క చెప్పింది. అడిగి ఉంటే ఏమడిగేదా అని రోజూ అనుకునేదాన్ని. ఇంతకంటే ఏం అడుగుతుందిలే మా అమ్మ, అని రాసుకున్నాను."

"అది సరేగానీ పిల్లా," అంది దూ అత్త, మైకు లేకుండానే, గొంతు హాలంతా మోగేట్టు. "మా లాన్‌షియాంగ్ ఏదే ఇందులో? ఒక్కతే కూతురంటావు, కన్నీళ్ళు బట్టల మీద పడనిస్తావు, ఇదేం సినిమానే!"

అందరూ నవ్వారు. మింగ్యూ కూడా నవ్వబోయి మానేసింది. మూడో వరస మధ్యలోకి చూసింది. "అక్కని పెట్టే రాశాను అత్తా, మొదట. అక్క ఉన్న ఇంట్లో నేను వచ్చి ఏం చేస్తాను? జావ అక్కే పోస్తుంది, గోళ్ళు అక్కే తీస్తుంది, బట్టలు అక్కే కడుతుంది. నాకు చెయ్యడానికి ఏదీ మిగల్లేదు, ఏడవడం తప్ప. నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు చించేశాను. అక్కంటే నాకు ఎంత కుళ్ళో ఎవరికీ తెలీదు. చిన్నప్పటినుంచీ. అమ్మకి పనికొచ్చేది అక్కే. నేను ఊరికే కిటికీలో పెట్టుకునే బొమ్మని. సినిమాలోనైనా ఒక్కసారి అక్క చోట్లో కూర్చుందామనుకున్నాను. తప్పే. ముడులు కూడా సరిగా వెయ్యలేకపోయాను."

లాన్‌షియాంగ్ లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు, కాళ్ళు లేచాయి. కోటు మీద ఇంకా రెండు పొట్టులు అంటుకునే ఉన్నాయి. మైకు ఎవరో చేతిలో పెట్టారు, చల్లగా, బరువుగా. నోటి దగ్గర పెట్టుకుంటే తన ఊపిరి తనకే పెద్దగా వినిపించి భయం వేసింది.

"అడిగింది," అంది.

దూ అత్త కళ్ళజోడు ఎగదోసుకుని ఆమె వైపు తిరిగింది.

"నీకు అబద్ధం చెప్పాను. అడిగింది. చిన్నది తిన్నదా, అని. మూడుసార్లు అడిగింది. జావ కూడా తాగకుండా అదే అడిగింది. నాకు ఒళ్ళు మండి నీకు చెప్పలేదు."

మింగ్యూ స్టేజి అంచుదాకా వచ్చింది. "నువ్వేం చెప్పావు?" అంది.

"తిన్నదని చెప్పాను. వేరే ఏం చెప్తాను."

"మరి నిన్ను? నిన్నేమీ అడగలేదా అక్కా?"

ఇదిగో, ఈ ప్రశ్నే. మూడేళ్ళుగా లాన్‌షియాంగ్ తనకు తాను వేసుకుంటున్నది, పిండి పిసుకుతూ, గుడ్డలు ఆరేస్తూ, అమ్మ ఖాళీమంచం తుడుస్తూ. మూడేళ్ళుగా దానికి ఒకే జవాబు ఉండేది, చేదుగా, నాలుక కింద. ఇప్పుడు నోరు తెరిస్తే వేరేది వచ్చింది. "నన్నెందుకు అడుగుతుందే, పిచ్చిదానా," అంది. "నేను అక్కడే ఉన్నానుగా."

అని, తను అన్నమాట తనే స్పీకర్లలోంచి విని, అలాగే నిలబడిపోయింది. మింగ్యూ కళ్ళజోడు తీసి మఫ్లరుతో తుడుచుకుంది, పెట్టుకోలేదు. చేత్తో పట్టుకునే అడిగింది. "నువ్వు తిన్నావా అక్కా? ఆ రోజు?"

"లేదు," అంది లాన్‌షియాంగ్. "తినలేదు." చెంపల మీద వేడిగా ఏదో జారుతుంటే ఏమిటో ముందు అర్థం కాలేదు. పక్కన దూ అత్త కంగారుగా లేచి, అలవాటు కొద్దీ జేబులోంచి చేతిగుడ్డ లాగి ఆమె గడ్డం కింద పట్టింది. లాన్‌షియాంగ్ ఆ చేతిని మెల్లగా పక్కకి తోసింది.

"పడనీ అత్తా," అంది.